ఐదు నక్షత్రాల రేటింగు వారికి ఒక విన్నపం

మహారాజశ్రీ ఐదు నక్షత్రాల రేటింగు వారి సముఖమునకు, తిరుపతి నుండి ఒక కొనుగోలుదారు నమస్కరించి వ్రాసుకొను విన్నపము.

అయ్యా, మా ఊరిలో తమరి వైభవం చెప్పనలవి కాదు. రైల్వేస్టేషను చుట్టుపక్కల లాడ్జీల రివ్యూలు చదవబోతే, "దర్శనం రెండు గంటల్లో అయింది, గోవిందా గోవిందా" అని వ్రాసి తమరిని సమర్పించుకున్న యాత్రికులు కనిపిస్తారు. కొండ మీద స్వామి చూపిన దయ, కొండ కింద వేడినీళ్లు రాని లాడ్జీ ఖాతాలో ఎలా జమ అయిందో తమరే సెలవియ్యాలి. క్యూలో రాత్రంతా కూర్చున్న మరొకాయన అదే లాడ్జీకి ఒక్క నక్షత్రం విదిలిస్తాడు. ఇద్దరికీ ఇచ్చిన దుప్పటి మాత్రం ఒకటే.

వస్తువుల దగ్గర తమరి లీల ఇంకా గొప్పది. "ఈరోజే వచ్చింది, ఇంకా పెట్టె విప్పలేదు, చాలా బాగుంది" అని మిక్సీకి ఐదు నక్షత్రాలు వేస్తారు. చెనిక్కాయల ఊరిబిండికి ఆ జారు ఆగుతుందా లేదా అన్నది మాకు కావలసిన సంగతి. కొన్నవారే వ్రాశారని ముద్ర ఉంది కదా అంటారేమో. ఆ ముద్ర కొన్నారని చెబుతుంది గానీ, ఐదు నక్షత్రాలిస్తే డబ్బు వాపసు ఇస్తామని పెట్టెలో పెట్టిన చీటీ సంగతి చెప్పదు. పాత సరుకు సంపాదించుకున్న రివ్యూలను అదే పేజీలో కొత్త సరుకుకు అంటగట్టే విద్య ఒకటుంది. అందువల్లనే ఇయర్‌ఫోన్ల కింద ఫోను కవరు మెత్తదనాన్ని మెచ్చుకునేవారు తగులుతారు.

అమ్మేవాడు కొన్నవాడి వేషంలో రివ్యూ వ్రాయరాదని 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు చెబుతున్నాయి. వ్రాసినవారు ఎవరో సరిచూడాలంటూ భారతీయ ప్రమాణాల సంస్థ 2022 నవంబరులో ఐఎస్ 19000 అనే ప్రమాణాన్నే తెచ్చింది. తెచ్చినప్పుడే, పాటించడం ఎవరిష్టం వారిదని కూడా చెప్పింది. తమరికి కలిగిన ఇబ్బంది ఏమీ లేదు.

అందుచేత పదకొండు మంది కలిసి నిలబెట్టిన 4.9ను దాటుకొని, నాలుగు వేల మంది ఇచ్చిన 4.2 దగ్గర ఆగి, అక్కడ కూడా తమరిని వదిలి మూడు నక్షత్రాల వారినే చదువుతున్నాను. "ఎనిమిది నెలలుగా వాడుతున్నాం, మోటారు బాగుంది, కప్లరు అరిగింది, విడిభాగం చిత్తూరులో దొరకలేదు" అని వ్రాసినవారు అక్కడే ఉంటారు. కావున తమరు పెట్టె వచ్చిన రోజున కాక, వారంటీ ముగిసిన మర్నాడు దయచేయవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
మూడు నక్షత్రాల పాఠకుడు,
తిరుపతి.