కాక్‌పిట్ హోరు: ముందు సందులు మూయండి, ఫోమ్ సంగతి తర్వాత

సొంతంగా విమానం కట్టుకునేవాళ్లు హోరు తగ్గాలనగానే ఫోమ్ షీట్లు తెచ్చి లోపలంతా అంటించేస్తున్నారు. దండగ పని. మెత్తటి ఫోమ్ లోపల చేరిన శబ్దం గోడలకు తగిలి మళ్లీ రాకుండా చూస్తుంది, అంతే. బయటి హోరును ఆపేది బరువు. గోడ బరువు రెట్టింపు చేస్తే తగ్గేది దాదాపు 6 డెసిబెల్స్ (శబ్దాన్ని కొలిచే ప్రమాణం). అంత బరువు మోసే విమానం ఎక్కడుంది? పైగా తడి పట్టిన ఫోమ్ కింద అల్యూమినియం తుప్పు పడుతుంది.

అసలు దొంగ సందు. గోడలో నూటికి ఒక వంతు తెరిచి ఉంటే చాలు, మిగతాది ఎంత మందంగా ఉన్నా మొత్తం కలిసి 20 డెసిబెల్స్‌కి మించి ఆపలేదు. డోరు అంచులు, కానపీ (పైలట్ మీది పారదర్శక కప్పు) చుట్టూ, ఫైర్‌వాల్‌లో (ఇంజిన్‌కీ కాక్‌పిట్‌కీ మధ్య గోడ) వైర్లు, కేబుళ్లు దూరే రంధ్రాలు వెతకండి. ఒక్కో సందుకీ లోపలి నుంచే, ఒక్క లాగుడుకి ఊడొచ్చేలా టేప్ వేసి, అదే ఎత్తులో, అదే ఆర్‌పీఎమ్‌లో (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) ఎగిరి సౌండ్ మీటర్‌తో హోరు కొలవండి. తేడా కనిపించిన చోటే రబ్బరు సీల్ వేయండి. ఫైర్‌వాల్ రంధ్రాలకు మాత్రం మామూలు సిలికాన్ వద్దు, మంటకు తట్టుకునే సీలెంటే వాడాలి. ఆ రంధ్రాల్లోంచి వచ్చేది శబ్దమే కాదు, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు కూడా. దాన్ని పసిగట్టే డిటెక్టర్ లేకుండా ఎగరొద్దు.

మీటర్‌లో ఏ, సీ స్కేళ్లు రెండూ చూడండి. ఏ స్కేలు లోతు స్వరాలను తక్కువగా లెక్కేస్తుంది, సీ వాటిని దాదాపు పూర్తిగా లెక్కేస్తుంది. సీ రీడింగ్ బాగా ఎక్కువుంటే హోరులో లోతు స్వరాలే ఎక్కువన్నమాట. నాలుగు సిలిండర్ల ఇంజిన్, రెండు రెక్కల ప్రొపెల్లర్ 2400 ఆర్‌పీఎమ్‌లో తిరిగితే రెండూ కొట్టేది 80 హెర్ట్జ్ దగ్గరే. మామూలు హెడ్‌సెట్ సరిగ్గా అక్కడే బలహీనం. హోరుకు ఎదురు శబ్దం పుట్టించి దాన్ని తగ్గించే నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌సెట్ బలం అక్కడే. అందుకే డబ్బు ముందు దానికి పెట్టండి. లావు కాళ్ల కళ్లద్దాలు కుషన్‌ని పైకి లేపితే ఎంత ఖరీదైన హెడ్‌సెట్ అయినా వృథా. గట్టిపడ్డ కుషన్లు మార్చేయండి.

హెడ్‌సెట్ కింద ఫోమ్ ఇయర్ ప్లగ్ కూడా పెట్టండి. సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకీ వెనక్కీ లాగి దూర్చి, అర నిమిషం వేలితో పట్టుకోవాలి. రెండూ ఆపే డెసిబెల్స్‌ని నేరుగా కూడలేం, ఎముక ద్వారా శబ్దం వెళ్తూనే ఉంటుంది కాబట్టి అదనంగా దక్కేది సుమారు 5 డెసిబెల్స్. అది కూడా విలువైనదే! పనిచోట ఆరోగ్యంపై పరిశోధన చేసే అమెరికా సంస్థ నియోష్ లెక్కలో చెవికి రోజుకు పరిమితి 85 డెసిబెల్స్‌కి 8 గంటలు, ప్రతి 3 పెరిగితే సమయం సగం, అంటే 100 దగ్గర 15 నిమిషాలే. పోయిన వినికిడి తిరిగి రాదు.

ప్రొపెల్లర్ సంగతి చాలామంది పట్టించుకోరు. దాని కొన వేగం పెరిగేకొద్దీ హోరూ పెరుగుతుంది. 72 అంగుళాలది 2700 ఆర్‌పీఎమ్‌లో ఉంటే కొన వేగం సెకనుకు దాదాపు 258 మీటర్లు, 2400లో 230. క్రూయిజ్‌లో (ఒకే ఎత్తులో నిలకడగా ఎగిరేటప్పుడు) ఆర్‌పీఎమ్ తగ్గించి నడపండి, పైసా ఖర్చు లేదు.

ఇవన్నీ అయ్యాక మాత్రమే షీట్లు. రేకు మీద వేలి కణుపుతో కొట్టండి, గణగణ మోగే చోట మధ్యలో, పావు వంతు మేర డ్యాంపింగ్ షీట్ (రేకు అదురును అణిచే షీట్) చాలు. అంటించేముందు ఏదైనా సరే ఓ ముక్క కోసి, ఆరుబయట నిప్పంటించి చూడండి. నిప్పు తీశాక కూడా మండుతుంటే దాన్ని విమానంలోకి రానివ్వకండి.