సవరణ: బడి భోజనం కొలతల గురించి

ఆమదాలవలస దగ్గరి ఒక ప్రాథమిక పాఠశాలలో పిల్లలకు బియ్యం తక్కువగా వండుతున్నారని మొన్న రాశాను. ఒక్కొక్కరికి 150 గ్రాములు రావాలని, వండుతున్నది 100 గ్రాములేనని లెక్క చూపించాను. ఆ లెక్క తప్పు. 150 గ్రాములు 6 నుంచి 8 తరగతుల వారికి. 1 నుంచి 5 వరకు చదివే పిల్లలకు కేంద్ర నిబంధన ప్రకారం 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు. దాని లక్ష్యం 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు. పెద్ద తరగతులకు అవి 700, 20. ఇవన్నీ వండక ముందు తూకాలు. ఉడికిన అన్నం తూచి పోల్చకూడదు.

అక్కడ వండే అక్కలు కొలత తప్పలేదు. పొగలో నిలబడి వండేవారి మీద నింద వేసినందుకు వారిని క్షమాపణ కోరుతున్నాను. ముందుగా వారినే అడిగి ఉండవలసింది.

మరొకటి: గుడ్డు కేంద్ర నిబంధనలో భాగమని రాశాను. కాదు, దానిని మన రాష్ట్రం అదనంగా ఇస్తోంది. రాగిజావ కూడా అంతే. పిల్లల కంచంలో గుడ్డు ఉండి తీరాలన్న నా మాటలో మాత్రం మార్పు లేదు.