రెండు రోజుల్లో రాగవైద్యులు

బ్రిటన్‌లో మ్యూజిక్ థెరపిస్టునని, అంటే సంగీతంతో చికిత్స చేసేవాణ్ణని, చెప్పుకోవాలంటే ఇటువంటి వృత్తులను నియంత్రించే హెల్త్ అండ్ కేర్ ప్రొఫెషన్స్ కౌన్సిల్‌లో పేరు నమోదై ఉండాలి. లేకుండా ఆ పేరు వాడుకోవడాన్ని చట్టం ఒప్పుకోదు. నమోదును రెండేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి, అప్పుడు సభ్యుల్లో 2.5 శాతం మందిని లాటరీ తీసినట్టు ఎంచి, ఈ రెండేళ్లలో కొత్తగా ఏం నేర్చుకున్నారో, దానివల్ల ఎదుటివారికి ఒరిగిందేమిటో ఆధారాలతో చూపమంటారు. అమెరికాలో 1,200 గంటల క్లినికల్ శిక్షణ, ఆపైన పరీక్ష, అది గట్టెక్కాక ప్రతి ఐదేళ్లకూ చదువు కొనసాగిస్తున్నట్టు చూపే 100 క్రెడిట్లు. నలుగురి ముందు గొంతు విప్పడానికి ఇంత తతంగం కావలసిన దేశాల మీద జాలిపడడం తప్ప మనం చేయగలిగింది లేదు.

మనకు ఆ బెడద లేదు. 1992 నాటి భారత పునరావాస మండలి చట్టం కింద 16 తరగతుల నిపుణులు నమోదు కావాలి. వినికిడి యంత్రానికి చెవి అచ్చు తీసే టెక్నీషియను సైతం వారిలో ఉన్నారు, సంగీత చికిత్సకులు మాత్రం లేరు. దీన్ని కొందరు లోపమంటున్నారు గానీ, మాకు ఇందులో సంప్రదాయం పట్ల వినయమే కనిపిస్తున్నది. త్యాగరాజస్వామి బిలహరి రాగం పాడి చనిపోయినవాణ్ణి లేపారనీ, ముత్తుస్వామి దీక్షితులు అఠాణా రాగంలో కృతి కట్టి శిష్యుడు తంబియప్పన్ కడుపునొప్పి మాన్పారనీ తరతరాలుగా చెప్పుకుంటున్న గడ్డమీద ఎవరు ఎవరికి పరీక్ష పెట్టగలరు? వారికేమైనా రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నదా? (వారు జీవితమంతా సాధన చేశారన్న సంగతి ఇక్కడ అప్రస్తుతం.)

కనుక సంగీత చికిత్సలో మన రెండు రోజుల శిక్షణ శిబిరం శనివారం ఉదయం జ్యోతి ప్రజ్వలనతో మొదలవుతుంది. ముఖ్య అతిథి ‘శిశుర్వేత్తి పశుర్వేత్తి వేత్తి గానరసం ఫణిః’ అంటారు. పాముకు బయటి చెవులు లేవు కదండీ అని వెనక వరుసలో జీవశాస్త్రం మాస్టారెవరైనా లేవబోతే టీ విరామం ప్రకటిస్తారు. మధ్యాహ్నం ఏ జబ్బుకు ఏ రాగమో తెలిపే పట్టిక పంచుతారు. ఆదివారం సాయంత్రానికి శాలువా, మెమెంటో, గ్రూప్ ఫొటో, సర్టిఫికెట్టు. సోమవారానికి విజిటింగ్ కార్డు. ఏళ్ల తరబడి ఆసుపత్రుల్లో ఓపికగా పనిచేస్తున్న కొద్దిమందికీ కార్డు మీద ఇదే హోదా ఉండడం వారి దురదృష్టం.

ఇలా తయారైన నిపుణులు నేరుగా ప్రత్యేక అవసరాల పిల్లల దగ్గరికో, వృద్ధాశ్రమానికో వెళ్లడంలో గొప్ప వివేకం ఉన్నది. మామూలు శ్రోత నచ్చకపోతే లేచిపోతాడు. వీరు లేవలేరు, ఫిర్యాదూ రాయలేరు. ఆటిజం ఉన్న పిల్లవాడు స్పీకరు మోతకు రెండు చేతులతో చెవులు మూసుకుని ముందుకూ వెనక్కూ ఊగితే, ‘లయకు స్పందించెను’ అని నివేదికలో రాసుకోవచ్చు. మతిమరుపు ముదిరిన పెద్దావిడ కీర్తన మధ్యలో ఏడిస్తే అది భక్తి పారవశ్యం. ఆ కీర్తన ఆమెకు ఏ చావింటిని గుర్తుచేసిందో కూతుర్ని అడగాలని పట్టికలో లేదు. నెలలు నిండని శిశువుల వార్డులో శబ్దం 45 డెసిబెళ్లు మించరాదని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 1997లోనే చెప్పింది గానీ, ఇంక్యుబేటరు పక్కన బ్లూటూత్ స్పీకరు పెట్టినవారికి ఆ లెక్క ఎవరూ చెప్పలేదు. సంగీతం చెవినబడితేనే మూర్ఛ వచ్చేవారూ అరుదుగా ఉంటారు. అటువంటివారు ముందుగా తెలియజేయవలసిందిగా మనవి.

నిజానికి ఈ విద్యలో నేర్చుకోవలసినది చాలా నీరసంగా ఉంటుంది. పక్షవాతంతో మాట పడిపోయినవారి చేత చిన్నచిన్న మాటలను రెండే స్వరస్థాయుల్లో, ఎడమచేత్తో తాళం వేయిస్తూ పలికించే పద్ధతిని 1973లో బోస్టన్ పరిశోధకులు ప్రకటించారు. పార్కిన్‌సన్స్ వ్యాధి ఉన్నవారిని, సమానంగా టిక్కుటిక్కుమనే మెట్రోనోమ్ యంత్రం దెబ్బకు అడుగు వేయించి, వారి నడకను బట్టి వేగం మారుస్తారు. దిగులుగా ఉన్నవారికి వెంటనే హుషారు పాట పెట్టకుండా, ముందు ఆ దిగులుకు దగ్గరి సంగీతంతో మొదలుపెట్టి మెల్లగా మళ్లిస్తారు. వీటిలో ఆలాపన లేదు, చప్పట్లు లేవు. ఇటువంటి పనికి శాలువా ఎలా కప్పుతాం? ఇక అనుభవజ్ఞులైన మరో చికిత్సకుల ముందు క్రమం తప్పకుండా కూర్చుని, ఎక్కడ తొందరపడ్డామో, ఎక్కడ ఆపవలసి ఉండి ఆపలేదో చెప్పించుకోవడాన్ని ఆ దేశాల్లో వృత్తిధర్మంగా భావిస్తారు. కచేరీలో శ్రుతి తప్పిందని చెప్పినవాడితో పదేళ్లు మాట్లాడని మనకు ఇది ఎంతమాత్రం పొసగదు.

అయినా కాలంతోపాటు మనమూ ఎదగాలి గనుక ‘అడ్వాన్స్‌డ్’ కోర్సు ఒకటి ప్రతిపాదిస్తున్నాము. హాలు అదే, పట్టిక అదే, శాలువా మాత్రం పట్టుది. ఫలితాలు కొలవాలని ఎవరైనా మరీ పట్టుబడితే, నవ్వే ముఖాల బొమ్మలున్న ఫారం ముద్రించి, రోగుల తరఫున నిర్వాహకులే టిక్కులు పెట్టవచ్చు; వేదిక బ్యానరుకు కేటాయించిన సొమ్ములోనే ఈ ముద్రణ ఖర్చూ సర్దుకుపోతుంది.