గొళ్లేన్ని చూడండి, తాళాన్ని తర్వాత

సంక్రాంతికి ఊరెళ్లే ఇంట్లో టిక్కెట్ల హడావిడి నెల ముందే మొదలవుతుంది. తలుపు సంగతి ఆటో వాకిట్లోకి వచ్చాక గుర్తొస్తుంది. తాళంకప్పను రెండుసార్లు గుంజి చూసి, పడిందనుకుని బయల్దేరతారు. చోరీ జరిగిన ఇళ్లలో ఆ కప్ప తరచూ చెక్కుచెదరకుండానే ఉంటుంది. దాన్ని తగిలించిన గొళ్లెం, అంటే ఆల్‌డ్రాప్, మాత్రం స్క్రూలతో సహా ఊడి, కప్పను మోసుకుంటూ వేలాడుతుంది.

కారణం చిన్నదే. వేలకు వేలు పోసి చేయించిన టేకు తలుపుకు గొళ్లేన్ని అరంగుళం, ముప్పావు అంగుళం స్క్రూలతో బిగిస్తున్నారు. వానాకాలం చెక్క ఉబ్బి, ఎండాకాలం కుదించుకుని రంధ్రాలు వదులవుతాయి. అప్పుడు అగ్గిపుల్లలు కుక్కి అవే స్క్రూలు మళ్లీ తిప్పుతారు. సందులో ఇనుప రాడ్డు దూర్చి ఒక్క ఊపు ఊపితే అవి నిలవవు. ఆల్‌డ్రాప్‌ను తలుపు మందమంతా దాటే బోల్టులతో బిగించాలి. బయట గుండ్రటి తల, లోపల వాషరు, నట్టు ఉంటే స్క్రూడ్రైవర్‌కు పట్టు దొరకదు. ద్వారబంధం వైపు కొక్కేనికి రెండున్నర, మూడంగుళాల స్క్రూలు వాడాలి. వడ్రంగికి ఇది గంట పని.

ఇంకా మేలైనది తలుపు మందంలోనే ఇమిడిపోయే తాళం. ఇంట్లో ఎవరూ లేరని వీధికి చాటే కప్ప బయట కనిపించదు. అయితే తలుపు లాగి వదిలేస్తే పడేది స్ప్రింగు నాలుక ఒక్కటే. సన్నని ప్లాస్టిక్ ముక్కతో దాన్ని వెనక్కి నెట్టవచ్చు. తాళంచెవి పూర్తిగా తిప్పితేనే అసలు గడియ ద్వారబంధంలోకి దిగుతుంది. ఆ చెవిని పూలకుండీ కింద, చెప్పుల స్టాండులో, కరెంటు మీటరు పెట్టెలో పెట్టడం మానాలి. దొంగ ముందుగా వెతికేవి ఆ చోట్లే.

ముందు తలుపు మీద పెట్టిన శ్రద్ధ పెరటి వైపు కనిపించదు. బాత్‌రూం కిటికీ గాజు పలకలు ఒక్కొక్కటిగా జారి వచ్చేస్తాయి. దానికి లోపల ఊచలు తప్పనిసరి. గ్రిల్లును గోడలో పాతకుండా చెక్క చట్రానికి బయట నుంచి స్క్రూలతో బిగిస్తే, దొంగ వాటిని బయటి నుంచే విప్పుకుంటాడు. ఆ స్క్రూల తలలను వెల్డింగ్ చేయించండి. మేడ మీది మెట్లగది తలుపు చాలా ఇళ్లలో పలుచని రేకు. వేసవిలో ఇంటిల్లిపాదీ డాబా మీద పడుకుంటూ కింది తలుపులు దగ్గరగా వేసి వదిలేయడం తాళం వేయకపోవడంతో సమానం.

వాకిలి కూడా కబురు చెబుతుంది. వీధంతా ముగ్గులు, గొబ్బెమ్మలు ఉండి ఒక్క గడప ముందే బోసిగా ఉంటే రెక్కీకి వచ్చినవాడికి అంతకన్నా ఆనవాలు అక్కర్లేదు. పక్కింటివాళ్లకు చెప్పి రోజూ నీళ్లు చల్లించి నాలుగు గీతలు గీయించండి. పాలు, పేపరు ఆపించండి.

ఆంధ్రప్రదేశ్‌లో తాళం వేసిన ఇళ్లపై నిఘాకు పోలీసులు ఎల్‌హెచ్‌ఎంఎస్ (లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్) సేవను ఉచితంగా అందిస్తున్నారు. ముందుగా నమోదు చేసుకుని ప్రయాణం తేదీలు చెబితే ఇంట్లో కెమెరా అమరుస్తారు. అలికిడైతే కంట్రోల్ రూంకు సంకేతం వెళ్తుంది. ఇంత మంచి ఏర్పాటును వాడుకోకపోవడం మనకే నష్టం. తెలంగాణలోనూ ఊరెళ్లేముందు స్టేషన్‌కు చెప్పమని పోలీసులు ఏటా కోరుతున్నారు. అలా చెప్పిన ప్రతి ఇల్లూ ఆ రాత్రి గస్తీ కానిస్టేబుల్ చేతి జాబితాలో ఉండాలని మేం కోరుతున్నాం. చెప్పినా ఎవరూ తొంగిచూడలేదన్న అనుభవం ఒక్కసారి ఎదురైతే ఆ కుటుంబం మళ్లీ చెప్పదు.

సొంత సీసీ కెమెరాలు ఉన్నవారు వాటి దృశ్యాలను రికార్డు చేసే డీవీఆర్‌ పెట్టెను టీవీ కింద పెడుతున్నారు. నగలతోపాటు దాన్నీ ఎత్తుకుపోతే సాక్ష్యమూ పోయినట్టే. దాన్ని అటక మీదో, తాళం వేసిన అరలోనో దాచి, ఇన్వర్టర్‌కు కలపండి. కెమెరా ఎనిమిది, తొమ్మిది అడుగుల ఎత్తు దాటితే ముఖం బదులు నడినెత్తి కనిపిస్తుంది.

బంగారం విషయంలో మా మాట ఒక్కటే: పండక్కి పెట్టుకోని నగ ఇంట్లో ఉండకూడదు. బీరువా రేకు రాడ్డుకు ఆగదు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, 2022 జనవరి 1 నుంచి లాకరులో దొంగతనం జరిగినా, సిబ్బంది మోసం చేసినా బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు వంద రెట్ల వరకే. కాబట్టి ప్రతి నగకూ ఫొటో, తూకం, బిల్లు విడిగా ఉంచుకోవాలి.

తిరిగొచ్చేసరికి తలుపు తెరిచి ఉంటే లోపలికి వెళ్లకండి. దొంగ ఇంకా అక్కడే ఉండొచ్చు. బయటే నిలబడి 100కో, 112కో ఫోన్ చేయండి. ఏం పోయిందోనన్న ఆత్రంతో బీరువా పిడి పట్టుకుంటే, క్లూస్ టీమ్‌కు దొరకాల్సిన వేలిముద్రల మీద మీ ముద్రలు పడతాయి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం ఘటన ఏ స్టేషన్ పరిధిలోదైనా ఫిర్యాదు తీసుకోవాలి, ఎఫ్‌ఐఆర్ ప్రతిని ఉచితంగా ఇవ్వాలి. అడిగి తీసుకోండి.