పోస్టు డబ్బా మీద ఇంటిపేరు

ఇరవై తొమ్మిదేళ్లు నేను 'వి.' అనే ఒక్క పొడి అక్షరంతో నిక్షేపంగా బతికాను. బడి హాజరు పట్టీలో 'వి.', రేషన్ కార్డులో 'వి.', అక్క పెళ్లి శుభలేఖలో కూడా 'వి.'యే. ఇంటిపేరంటే సంకల్పం చెప్పేటప్పుడు గోత్రంతో పాటు కిందికి దింపి, మళ్లీ అటక మీద పెట్టేసే సామాను. జర్మనీలో దిగిన మర్నాటి నుంచి ఆ సామానే నేనైపోయాను. అందులోనూ మా ఇంటిపేరు ఒక ఊరి పేరు. ఆసుపత్రిలో నర్సు తలుపు తీసి దాన్ని కేకేస్తే, బస్సు ఆగిందేమో, సంచి తీసుకుని దిగిపోదామా అనిపిస్తుంది.

ఇక్కడ అపార్ట్‌మెంట్లలో ఫ్లాటు నంబర్లుండవు. పోస్టు డబ్బా మీద పేరుంటేనే ఉత్తరం వస్తుంది. పేరు లేకపోతే, మనిషి గుమ్మంలో నిలబడి చేతులూపుతున్నా, లేనట్టే లెక్క. మా ఇంటిపేరు ఇంగ్లిషు లిపిలో 16 అక్షరాలు. డబ్బా మీది చీటీలో పట్టేవి 11. భవనం బాగోగులు చూసే పెద్దాయన కాసేపు ఆలోచించి, ఊరి పేరును పొలిమేర దగ్గర తెగ్గొట్టి అతికించాడు. ఆ వారమే రావాల్సిన పన్ను గుర్తింపు సంఖ్య 'ఈ చిరునామాలో ఇలాంటివారు లేరు' అనిపించుకుని వెనక్కి పోయింది. ఇంట్లో టీవీ ఉన్నా లేకపోయినా నెలకు 18.36 యూరోల ప్రసార రుసుము కట్టాలన్న ఉత్తరం మాత్రం సరిగ్గా నన్నే వెతుక్కుంటూ వచ్చింది. నాకు టీవీ లేదు.

ఇవన్నీ రాస్తున్నది సణుగుడు కోసం కాదు. విదేశాలకు బయలుదేరే సాఫ్ట్‌వేర్ యువతకు మార్గదర్శనం చేసే బాధ్యత నామీద ఉందని నాకు నేనే గట్టిగా నమ్మాను. ఆ లెక్కన మొదట జీతం సంగతి.

ఐటీ వాళ్లకు బ్లూ కార్డు, అంటే చదువుకున్న విదేశీ ఉద్యోగులకిచ్చే నివాస అనుమతి, రావాలంటే 2025లో ఏడాదికి కనీసం 43,759 యూరోల 80 సెంట్ల జీతం చూపించాల్సి వచ్చేది. ఆ చివరి 80 సెంట్లు ఎవరు లెక్కగట్టారో గానీ, ఆయనకు నా నమస్కారం. నేను తణుకులో ఉన్న పెదనాన్నకు ఫోన్‌లో ఈ అంకె యథాతథంగా చెప్పడం పొరపాటు. యూరోల దగ్గర ఊకొట్టిన మనిషి, సెంట్ల దగ్గర లేచి కూర్చున్నాడు.

"ఎనభై సెంట్లా? రోడ్డు పక్కనేనా?"

"స్థలం కాదు పెదనాన్నా, పైసల్లాంటివి."

"సరేలే, ఎవరికీ చెప్పన్లే. రిజిస్ట్రేషన్ అయ్యేదాకా చెప్పకూడదు కూడా."

రిజిస్ట్రేషన్ అంటే గుర్తొచ్చింది. ఇక్కడ ఇంట్లో దిగిన రెండు వారాల్లోగా నివాసం నమోదు చేయించుకోవాలని చట్టం. నాకు అపాయింట్‌మెంట్ దొరికింది ఆరు వారాలకు. అది చిన్న సంగతి. నమోదుకు ఇంటాయన సంతకం పెట్టిన ధ్రువపత్రం కావాలి. ఇంటాయన ఇల్లివ్వాలంటే మూడు నెలల జీతం చీటీలు చూపించాలి. జీతం పడాలంటే బ్యాంకు ఖాతా ఉండాలి. నేను వెళ్లిన బ్యాంకులో ఖాతా తెరవాలంటే నివాస నమోదు పత్రం కావాలి. నేను వృత్తిరీత్యా ఇలాంటివి విప్పేవాణ్ని. రెండు ప్రోగ్రాములు 'ముందు నువ్వు, ముందు నువ్వు' అని ఒకదాని మొహం ఒకటి చూస్తూ ఆగిపోతే దాన్ని డెడ్‌లాక్ అంటాం, రాసినవాణ్ని తిడతాం. మా నాయనమ్మ కంప్యూటరు చూడకుండానే ఈ విషయం చెప్పింది: పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు. చివరికి ఒక తెలుగన్నయ్య తన ఇంట్లో గది అద్దెకిచ్చి సంతకం పెడితే పిచ్చి కుదిరింది. ఆ తర్వాత ఇల్లు.

ఇక్కడ అద్దెలు రెండు రకాలు: చల్లద్దె, వెచ్చద్దె. నేను ఏసీ గదులేమో అనుకున్నాను. వట్టి గోడలకు ఇచ్చేది చల్లది. వేడి నీళ్లు, హీటరు, చెత్త ఎత్తే ఖర్చు కలిపితే వెచ్చది. అడ్వాన్సు మూడు నెలల చల్లద్దె దాకా అడగొచ్చు. అవన్నీ ఇచ్చి తాళాలు తీసుకుని వీడియో కాల్‌లో అమ్మకు ఇల్లు చూపించాను. అమ్మ మొదటి ప్రశ్న ఊహించిందే.

"వంటిల్లు ఆగ్నేయంలోనే ఉందా నాన్నా?"

"వంటిల్లు లేదమ్మా."

నిజంగానే లేదు. పాత అద్దెదారు పొయ్యి, అల్మరాలు, సింకు అన్నీ ఊడదీసుకుపోయాడు. ఇక్కడ అది మామూలేనట. సింకు ఉండాల్సిన చోట గోడలోంచి రెండు పైపులు మూతులు పెట్టుకుని చూస్తున్నాయి. పైకప్పు నుంచి బల్బు బదులు మూడు రంగుల వైర్లు వేలాడుతున్నాయి. అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పోనీలే, ఉన్నదాన్ని మార్చే ఖర్చు తప్పింది. ఆగ్నేయంలో పెట్టించు" అంది. పైపులు వాయవ్యంలో ఉన్నాయి. ఆ మాట ఇప్పటిదాకా అమ్మకు చెప్పలేదు.

పొయ్యి వచ్చిన రోజే ఇంగువ తాలింపు వేశాను. పైకప్పుకున్న పొగ అలారం మొత్తం భవనానికి ఆ శుభవార్త చెప్పింది. ఆ ఆదివారం కొబ్బరి పచ్చడికి మిక్సీ వేశాను. సాయంత్రానికి తలుపు కింద చక్కని చేతిరాతతో చీటీ. ఆదివారం నిశ్శబ్దం పాటించే రోజని, యంత్రాలతో చప్పుడు చేయరాదని, మరోసారి జరిగితే ఇంటి యజమానికి తెలియజేయక తప్పదని. కింద 'స్నేహపూర్వక నమస్కారాలతో' అని సంతకం. ఈ దేశంలో కరెంటు కోస్తామన్నా, జరిమానా వేస్తామన్నా ఆ నమస్కారాలు మాత్రం తప్పవు. నేనిప్పుడు పచ్చళ్లన్నీ శనివారం సాయంత్రానికే రుబ్బేసి, ఆదివారం దొంగలా చప్పుడు లేకుండా తింటున్నాను.

నమోదు కాగితంలో మతం గడి కూడా ఉంటుంది. జనాభా లెక్కలకేమో అనుకున్నాను. కాదు, పన్నుకి. చర్చి సభ్యులైతే నేనుండే బవేరియాలో ఆదాయపు పన్ను మీద మరో 8 శాతం కట్టాలి. జీతం నుంచి నేరుగా కోసేస్తారు. హుండీ ముందు నిలబడి, జేబులో వందా ఐదొందలా అని తడుముకునే స్వేచ్ఛ ఇచ్చిన మన దేవుళ్ల మీద నాకు ఆ రోజు కొత్తగా భక్తి కలిగింది.

భాష గురించి ఒక్క ముక్క. బ్లూ కార్డు వాళ్లకు ఎ1, అంటే ఓనమాల స్థాయి జర్మన్ వస్తే 27 నెలలకు, బి1, అంటే మధ్యస్థాయి వస్తే 21 నెలలకు శాశ్వత నివాసం దొరుకుతుంది. ఆ ఆరు నెలల ఆశతో సాయంత్రం క్లాసుల్లో చేరాను. జర్మన్‌లో బల్ల పుంలింగం, దీపం స్త్రీలింగం, అమ్మాయి నపుంసకలింగం. పగలబడి నవ్వాను. ఇదేం అన్యాయమండీ అని టీచరమ్మను నిలదీశాను కూడా. ఇంటికొచ్చే ట్రాములో 'అమ్మాయి వచ్చింది, గేదె వచ్చింది' అనే భాషలో పుట్టానని గుర్తొచ్చి, మళ్లీ ఆ ప్రసక్తి తేలేదు.

మా తణుకులో కొబ్బరిబొండాల బండికి కూడా క్యూఆర్ కోడ్ ఉంటుంది. ఇక్కడ మా వీధి చివరి రొట్టెల కొట్టులో 'నగదు మాత్రమే' అని బోర్డు. చిల్లర కోసం ఖాళీ సీసాలు సంచిలో వేసుకుని సూపర్ మార్కెట్ యంత్రం ముందు వరసలో నిలబడతాను. ప్లాస్టిక్ సీసాకు 25 సెంట్లు తిరిగిస్తారు. చిన్నప్పుడు పాత సామాన్లకు ఉల్లిపాయలిచ్చే బండి వెనక పరిగెత్తినప్పటి నైపుణ్యం ఇన్నాళ్లకు అక్కరకొచ్చింది.

అయినా ఫోన్‌లో ఊరివాళ్లతో నేను మాట్లాడే తీరు వేరు. "ఇక్కడంతా సిస్టమండీ. డిసిప్లిన్. మనకి ఎప్పుడొస్తుందో!" అంటాను. పోయిన సంక్రాంతికి వెళ్లినప్పుడు అరటితొక్కలు ఒక డబ్బాలో, కాగితాలు ఒక డబ్బాలో, పాల ప్యాకెట్లు ఒక డబ్బాలో వేయాలని అమ్మకు క్లాసు పీకాను. తెల్ల సీసా, ఆకుపచ్చ సీసా కూడా వేర్వేరుగా వేయాలన్నాను. అమ్మ అరటితొక్కలు గేదెకు వేసి, కాగితాలు పొయ్యిలో పెట్టి, పాల ప్యాకెట్లు కడిగి కిలోల్లెక్కన అమ్మేసి, ఇంకేమైనా మిగిలిందా అన్నట్టు నాకేసి చూసింది.

తిరిగొచ్చాక పోస్టు డబ్బా చీటీ మార్పించాను. చిన్న అక్షరాల్లో 16కి 16 అక్షరాలూ పట్టాయి. ఫొటో తీసి కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. మా ముత్తాతల ఊరి పేరు జర్మనీ గోడ మీద చూసి బాబాయిలు దండాలు, పూలు గుప్పించారు. పెదనాన్న స్టేటస్‌గా పెట్టుకున్నాడు. రాత్రి ఫోన్ చేసి గొంతు తగ్గించి అడిగాడు:

"డబ్బా చూశాన్రా, బాగుంది. ఆ ఎనభై సెంట్లూ దాని వెనకాలేనా?"