సవరణ: స్త్రీలు, జుమా నమాజు

శుక్రవారం మధ్యాహ్నం సామూహికంగా చేసే జుమా నమాజు గురించి ఇంతకుముందు రాసినప్పుడు, స్త్రీలకు అందులో పాల్గొనే అనుమతి లేదని, ఒకవేళ పాల్గొన్నా ఇంటికి వచ్చి జుహర్ (రోజువారీ మధ్యాహ్న) నమాజు మళ్లీ చేయాలని పేర్కొన్నాను. ఈ రెండు మాటలూ తప్పే. విధి కాకపోవడానికీ నిషిద్ధం కావడానికీ గల తేడాను నేను పట్టించుకోలేదు.

జుమా ఎవరిపై విధి కాదో చెప్పే హదీసులో (ప్రవక్త మాటల ఉల్లేఖనలో) బానిస, స్త్రీ, పిల్లవాడు, రోగి అనే నలుగురి ప్రస్తావన ఉంది. అది మినహాయింపే గాని నిషేధం కాదు; రోగి మసీదుకు వస్తే ఎవరూ వెనక్కి పంపరు కదా. స్త్రీ వచ్చి ఇమామ్ వెనుక 2 రకాతులు (నమాజులోని ఆవృత్తులు) చేస్తే ఆమె జుమా నెరవేరినట్లే, జుహర్ మళ్లీ చేయనక్కరలేదు. ఇంట్లోనే ఉంటే మామూలుగా 4 రకాతుల జుహర్ చేస్తుంది. అందుకు మసీదులో జమాత్ (సామూహిక నమాజు) ముగిసేదాకా ఆగవలసిన పని కూడా లేదు.

అల్లాహ్ దాసీలను అల్లాహ్ మసీదుల నుంచి ఆపవద్దన్న ప్రవక్త మాట ప్రసిద్ధమే. అంతకంటే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఉమ్మె హిషామ్ అనే సహాబియా (ప్రవక్త సహచరురాలు) కథనం: ప్రవక్త ప్రతి శుక్రవారం మింబరుపై (మసీదులోని ప్రసంగ వేదికపై) ఖుత్బాలో (జుమా ప్రసంగంలో) ఖురాన్‌లోని ఖాఫ్ సూరా (అధ్యాయం) పఠిస్తుండగా, ఆయన నోట విని ఆ సూరాను నేర్చుకున్నానని ఆమె చెప్పారు. 45 ఆయతుల (వాక్యాల) సూరా అలా వింటూ కంఠస్థమైందంటే, ఆమె ఒకటి రెండుసార్లు వచ్చి వెళ్లిన మనిషి కాదు.

అయితే తర్వాతి కాలపు హనఫీ (ఇస్లామీ ధర్మశాస్త్ర సంప్రదాయాలలో ఒకటి) పండితులలో పలువురు, స్త్రీలు జమాత్‌కు రావడాన్ని అవాంఛనీయమన్నారు. నేను ఆ అభిప్రాయాన్నే అందరి తీర్పుగా రాశాను.