టైరు తిరిగితే ఇంజిన్ని తిడతారేంటి?

పొద్దున్న లేచి ఫోన్ తెరిస్తే నాలుగు గ్రూపుల్లో ఒకటే వీడియో. అమెరికాలో ఎక్కడో డ్రాగ్ స్ట్రిప్, అంటే పావు మైలు తిన్నగా పరిగెత్తే పందెం దారి. ఒక లైన్లో నారింజ రంగు డాట్సన్ 240జెడ్ (యాభై ఏళ్ల నాటి జపాన్ స్పోర్ట్స్ కారు), పక్క లైన్లో నిన్నగాక మొన్న షోరూం నుంచి దిగిన కారు. పచ్చ లైటు పడింది. జెడ్ వెనక టైరు ఒక్కటి పొగ కక్కుతూ అక్కడే గిర్రున తిరిగింది, కొత్త కారు పోయింది. బోర్డు మీద జెడ్ టైము 16 సెకన్ల చిల్లర. దాని కింద మన తెలుగు తమ్ముడొకడి తీర్పు: "ఆ ఆరు సిలిండర్ల సోది పీకి పారేసి ఎల్ఎస్ వి8 వెయ్యండ్రా." ఎల్ఎస్ అంటే అమెరికా జీఎం కంపెనీ ఎనిమిది సిలిండర్ల ఇంజిన్. ఆ తీర్పుకి లైకులు, చప్పట్లు, నిప్పు బొమ్మలు.

ఎద్దు ఈనిందంటే దూడని గాటన కట్టెయ్యమన్నాడట వెనకటికొకడు. ఆయన వారసులు ఇంకా ఉన్నారు, అందరికీ ఇంటర్నెట్ ఉంది.

బాబూ, టైరు తిరిగిందంటే అర్థమేంటి? ఇంజిన్ ఇచ్చే తోపు టైరు మోయలేకపోయిందని. మోయలేనంత తోపు ఉన్న ఇంజిన్ని "బలం లేదు" అని దింపేసి, దానికి రెండింతలున్నది ఎక్కిస్తావా? అప్పుడేమవుతుంది? పొగ ఎక్కువొస్తుంది. వీడియో ఇంకా బాగుంటుంది, అంతే.

ఒక్క టైరే ఎందుకు తిరిగిందో ఒక్కడూ అడగలేదు. అమెరికాలో అమ్మిన 240జెడ్‌కి కంపెనీ వేసింది ఆర్180 ఓపెన్ డిఫరెన్షియల్. ఇంజిన్ తోపుని రెండు వెనక చక్రాలకీ పంచే గేర్ల పెట్టె అది. పట్టు లేని చక్రం ఏది దొరికితే దానికే పని చెబుతుంది, రెండోది కూచుని చూస్తుంది. సర్కారు ఆఫీసు లాంటిది. రెండు చక్రాలకీ పని చెప్పే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ ఒకటి వేసి, వెనక క్యాంబర్ (చక్రం పక్కకి వాలే కోణం) సున్నా దగ్గరికి తెచ్చి మళ్లీ వదలండి. క్యాంబర్ ఎందుకంటే, జెడ్‌కి వెనక స్ట్రట్ సస్పెన్షన్. దూకేటప్పుడు వెనక భాగం కిందికి కూర్చుంటుంది, చక్రాల పైభాగం లోపలికి వాలుతుంది, టైరు లోపలి అంచు మీదే బరువంతా పడుతుంది. ముందే నెగటివ్ క్యాంబర్ (లోపలికి వాలు) పెట్టుకుని వస్తే మీరు నిలబడేది నాలుగు వేళ్ల వెడల్పు రబ్బరు మీద.

ఎల్ఎస్ బరువు తక్కువే కదా అని బయల్దేరతారు ఇప్పుడు. దానిది అల్యూమినియం దిమ్మ, బరువు తర్వాతి 280జెడ్‌లో వచ్చిన ఇనప దిమ్మ ఇంజిన్ ఎల్28తో దాదాపు సమానం. నిజమే, ఒప్పుకున్నా. గొడవ బరువు గురించి కాదు. ఫ్లైవీల్ వెనక, అంటే ఇంజిన్ నుంచి చక్రాల దాకా, ఏముందన్నది గొడవ. డిఫరెన్షియల్ నుంచి చక్రానికి తోపు మోసే యూనివర్సల్ జాయింట్ల పాత హాఫ్ షాఫ్టులు, చక్రం దగ్గర 25 పళ్ల స్టబ్ యాక్సిల్స్, డిఫరెన్షియల్‌ని పట్టుకునే యాభై ఏళ్ల రబ్బరు మౌంటు. దూకినప్పుడు డిఫరెన్షియల్ లోపలి చిన్న గేరు (పినియన్) పెద్ద గేరు (క్రౌన్ వీల్) మీదికి ఎక్కబోతుంది, దాంతో డిఫరెన్షియల్ ముక్కు పైకి లేస్తుంది, ముందు మౌంటు రబ్బరు ఇనుము నుంచి ఊడి వస్తుంది. క్లచ్చు వదిలినప్పుడల్లా వెనక "టక్" మంటోందా? అదే. పైన ఉండే పట్టీ తెగిపోయి ఉంటే ముక్కు వెళ్లి బాడీకి తగులుతుంది. చూడ్డానికి పది నిమిషాల పని: కారు స్టాండ్ల మీద పెట్టి, డిఫరెన్షియల్ ముక్కు కింద జాక్ పెట్టి మెల్లగా ఎత్తండి. రబ్బరు విడిపోయి నోరు తెరిస్తే ఆ మౌంటు చచ్చినట్టే. ఈ పది నిమిషాలు పెట్టలేనివాడు వేల డాలర్లు పోసి వి8 వేస్తాడు, మొదటి దూకుడుకే హాఫ్ షాఫ్టు విరిచి ట్రైలర్ మీద ఇంటికెళ్తాడు. కుంచెడు గింజల కూలికి పోతే తూమెడు గింజలు దూడ మేసిందని మనవాళ్లు ఊరికే అనలేదు. 280జెడ్ నుంచి ఇంకా గట్టి డిఫరెన్షియల్ ఆర్200, దానికి సరిపడే స్టబ్ యాక్సిల్స్, 280జెడ్‌ఎక్స్ టర్బో నుంచి సీవీ షాఫ్టులు. ముందు ఇవి వెయ్యండి, తర్వాత ఇంజిన్ మాట.

ఇంకో మేధావి అదే చోట రాశాడు: "3.9 డిఫ్, ఐదు గేర్ల బాక్సు వేస్తే దూసుకుపోద్ది." చేతిలో ఫోనుంది, అందులో కాలిక్యులేటర్ ఉంది, నొక్కడానికి బద్ధకం. పాత నాలుగు గేర్ల బాక్సులో మొదటి గేరు నిష్పత్తి 3.592, డిఫ్ (డిఫరెన్షియల్) నిష్పత్తి 3.364. గుణిస్తే 12.08. ఈ అంకె ఎంత పెద్దదైతే చక్రానికి అంత తోపు. 280జెడ్‌ఎక్స్ చివరి మోడళ్ల ఐదు గేర్ల బాక్సులో మొదటిది 3.062, దాన్ని 3.9తో గుణిస్తే 11.94. అంత ఖర్చు పెట్టి మొదటి గేరులో కాస్త వెనక్కి వెళ్లాడు మహానుభావుడు. డిఫ్ మార్చకుండా ఆ బాక్సు ఒక్కటే వేస్తే 10.3, దూకబోయి ఇంజిన్ గొంతు పట్టుకుపోతుంది. పైగా పాత బాక్సుతోనే 85 మైళ్ల వేగంతో గీత దాటితే మూడో గేరులో సుమారు 5,500 ఆర్పీఎం. నాలుగో గేరు ముట్టుకునే పనే లేదు. ఐదోది దేనికయ్యా, ఇంటికెళ్లడానికా?

"డ్రైవర్ లైటు చూసి లేటుగా కదిలాడు, అందుకే 16" అన్నవాళ్లకి వేరే దణ్ణం. రియాక్షన్ టైము (లైటు చూసి కదలడానికి పట్టేది) వేరు, ఈటీ (బోర్డు మీద పడే పరుగు టైము) వేరు. బయల్దేరే గీత దగ్గరుండే కాంతి కిరణాన్ని, అంటే స్టేజ్ బీమ్‌ని, టైరు దాటినప్పుడే ఈటీ గడియారం మొదలవుతుంది. పచ్చ లైటు పడ్డాక టీ తాగి వచ్చి కదిలినా ఈటీ మారదు, రేసు మాత్రం ఓడిపోతారు. పరుగు అయ్యాక ఇచ్చే టైము స్లిప్పు మీద చూడాల్సింది మొదటి 60 అడుగులకి పట్టిన టైము. అక్కడ అర సెకను పోతే చివర్లో అంతకి ఒకటిన్నర రెట్లు పోతుంది. ఇంజిన్ సంగతి కావాలంటే చివరి 66 అడుగుల్లో కొలిచిన వేగం చూడండి. వేగం బాగుండి ఈటీ చెత్తగా ఉంటే ఇంజిన్ అమాయకురాలు. ఆడలేక మద్దెల ఓడు అంటే ఇదే.

మామూలు రోడ్డు టైర్లతో నీళ్ల గుంటలోకి దిగేవాళ్లు కూడా ఆ వీడియోలో కనిపించారు. గాడుల్లో నీళ్లు నింపుకుని వచ్చి సరిగ్గా గీత దగ్గర కారుస్తారు. స్లిక్స్ (గాడుల్లేని రేసు టైర్లు) ఉన్నవాళ్లు తడిపి తిప్పి వేడెక్కించుకోవడానికి ఆ గుంట. మీరు పక్కనుంచి వచ్చి, రెండో గేరులో ఒక్కసారి చిన్నగా తిప్పి దుమ్ము దులిపితే చాలు.

ఇక ఆరు సిలిండర్ల వరస ఇంజిన్ సోది అన్నావు చూడు. 240జెడ్‌లో ఉండే ఎల్24 ఇంజిన్‌కి బోరు (సిలిండర్ వెడల్పు) 83 మి.మీ., స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 73.7 మి.మీ., క్రాంక్‌ని మోసే మెయిన్ బేరింగులు ఏడు. 1970, 71 రెండేళ్లూ అమెరికాలో స్పోర్ట్స్ కార్ క్లబ్ (ఎస్‌సీసీఏ) సి-ప్రొడక్షన్ ఛాంపియన్‌షిప్ బీఆర్ఈ అనే రేసు టీము 240జెడ్‌దే, నడిపింది జాన్ మోర్టన్. జపాన్‌లో 400 మీటర్ల పందేన్ని జీరో-యాన్ అంటారు. ఎల్28 దిమ్మలో డీజిల్ ఎల్‌డీ28 క్రాంక్ వేసి, స్ట్రోకు 83, బోరు 89 చేసి 3.1 లీటర్లకి తీసుకెళ్లే పని వాళ్లకి ఇప్పటిది కాదు. సోది అయితే ఇన్నేళ్లు చేస్తారా?

దీనికి రోగాలు లేవని కాదు. ఆరు సిలిండర్ల పొడుగు క్రాంక్ మెలి తిరుగుతుంది, దాన్ని ఆపేది ముందున్న డాంపర్. ఆ డాంపర్ రబ్బరు ముసలిదై బయటి రింగు జారితే దాని మీద గీసిన గుర్తూ జారుతుంది. మీరు టైమింగ్ లైటు పెట్టి స్పార్కు 34 డిగ్రీలు ముందు పడుతోందని మురిసిపోతారు, నిజంగా ఉన్నది 40. స్పార్కు మరీ ముందు పడితే మొదట చిటపటలాడేది (నాకింగ్) వెనకున్న 5, 6 సిలిండర్లే, అక్కడ నీళ్లు సరిగా తిరగవు, వేడెక్కువ. మొదటి సిలిండర్లో పిస్టన్ స్టాప్ పెట్టి టీడీసీ (పిస్టన్ పూర్తిగా పైకి చేరే చోటు) కొత్తగా గుర్తించుకోండి. ఎస్‌యూ తరహా కార్బురేటర్ల డాష్‌పాట్‌లో, అంటే లోపలి పిస్టన్ దూకుడుని తగ్గించే నూనె గిన్నెలో, 20 గ్రేడు నూనె ఉండాలి. పలచటిది పోస్తే పిస్టన్ తొందరగా లేచి మిశ్రమం పలచబడుతుంది, కాలు నొక్కగానే ఇంజిన్ తడబడుతుంది. 1973లో వచ్చిన ఫ్లాట్ టాప్ కార్బురేటర్లయితే ఆ బాధ పగవాడికి కూడా వద్దు, పాత రౌండ్ టాప్‌లు తెచ్చుకోండి.

ఇదంతా చదివి ఇంకో ఆరు సిలిండర్ల కారు, బ్రిటన్ వాళ్ల ట్రయంఫ్ టీఆర్6, ఉన్నవాళ్లు నవ్వుకుంటున్నారేమో. మీ 2.5 లీటర్ల ఆరు సిలిండర్లకి వెనక మెయిన్ బేరింగు దగ్గర, క్రాంక్ ముందుకీ వెనక్కీ జారకుండా ఆపే అర్ధచంద్రాల్లాంటి థ్రస్ట్ వాషర్లు రెండే. డ్రాగ్‌కని గట్టి క్లచ్చు వేసి, లైటు కోసం క్లచ్చు తొక్కి పట్టుకుని నిలబడితే క్రాంక్ ముందుకు నెట్టుకుంటూ వాటిని అరగదీస్తుంది. అరిగి అరిగి ఒకరోజు ఆయిల్ పాన్‌లో పడతాయి. క్రాంక్ కప్పీకి డయల్ గేజ్ ఆనించి ఇంకొకరితో క్లచ్చు తొక్కించండి. 0.15 నుంచి 0.20 మి.మీ. ఉండాలి. అంతకు మించి కదిలితే రేసు మానుకుని వాషర్లు మార్చండి.

అసలు నా కడుపుమంట ఎల్ఎస్ పిల్లలతో కాదు, నిజం చెప్పాలంటే. వాళ్లు కనీసం కారు నడుపుతారు. 2020లో 1971 మోడల్ 240జెడ్ ఒకటి ఆన్‌లైన్ వేలంలో 3,10,000 డాలర్లకి పోయింది చూశారా, ఆ రోజు నుంచి పట్టుకుంది పీడ. శంకర్‌పల్లిలో ప్లాటు కొన్నట్టు కొని, గరాజ్‌లో దుప్పటి కప్పి, "మ్యాచింగ్ నంబర్స్ (ఫ్యాక్టరీలో వేసిన ఇంజినే) అన్నా, ముట్టుకోను" అంటారు. రేటు ఎంతయిందని నెలకోసారి చూసుకుంటారు, ఆయిల్ మాత్రం చూడరు. కార్బురేటర్లో పెట్రోలు జిగురవుతుంది, సీళ్లు ఎండుతాయి, మౌంటు రబ్బరు నడవకపోయినా వయసుకే చచ్చిపోతుంది. ఏడాదికొకసారి పిల్లలకి చూపిద్దామని స్ట్రిప్‌కి తెచ్చి, ఆ రబ్బరు, ఆ పెట్రోలు, ఆ టైర్లతోనే క్లచ్చు టపీమని వదులుతారు. నారింజ రంగు మెరుపు చూస్తే ఇదీ ఆ దుప్పటి కిందిదేనని నా అనుమానం.

ఆ ఓనరు తెలిసినవాళ్లు ఈ గ్రూపుల్లోనే ఉంటారు. ఇంజిన్ అమ్మే ముందు టైరు పక్కన డాట్ కోడ్ చివరి నాలుగంకెలు ఫొటో తీసి పెట్టమనండి. 2311 అని ఉంటే 2011లో 23వ వారం టైరు అది.